అప్ప వెతికిన చెట్టు

కిందటి నెల అప్ప పోయింది. చర్చిలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఆమె గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒకావిడ లేచి ఆమె భక్తి గురించి చెప్పింది. ప్లాంటులో ఆమె భర్తతో కలిసి పనిచేసిన పెద్దాయన ఆమె చేతి చేపల పులుసు గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను లేచాను. అప్ప గురించి చెప్పాలంటే ఒక చెట్టు గురించి చెప్పాలి. శవపేటిక పక్కన నిలబడి చెట్టు కథ చెప్పడం ఎలా? మళ్ళీ కూర్చుండిపోయాను. అప్పట్నుంచీ ఆ చెప్పని మాటలు లోపల తిరుగుతూనే ఉన్నాయి.

ఆమె నాకు చుట్టం కాదు. దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటులో ఇంజనీరుగా చేరి సెక్టర్ 2లో క్వార్టరు తీసుకున్న రోజు, సామాను దింపుతుంటే పక్క గోడ మీంచి ఒక తల కనిపించింది.

"ఏ ఊరు నాయినా మీది?"

"టెక్కలండీ."

"అయితే అండీ గిండీ ఎందుకు? నాను నీకు అప్పని."

మావైపు అప్ప అంటే అక్క. అప్పటికే వీధిలో తెలుగువాళ్ళందరికీ ఆమె అప్పే. హిందీవాళ్ళు అదే ఆమె పేరనుకుని "అప్పా దీదీ" అనేవారు. అక్కా అక్కా అని రెండుసార్లు పిలుస్తున్నామని వాళ్ళకి తెలియదు. ఆమె కూడా ఎప్పుడూ సరిదిద్దలేదు.

అప్ప ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా ఇంటికొస్తే కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని మాట్లాడేది. టీ నిలబడే తాగేది. చర్చిలో చివరి బల్ల పక్కన, తలుపుకి దగ్గరగా నిలబడేది. ఆమె భర్త క్రేన్ ఆపరేటరు. షిఫ్టంతా ఎత్తున ఒక చిన్న గదిలో కదలకుండా కూర్చునే మనిషి. "మా ఇద్దరికీ కలిపి దేవుడు ఒకే కుదురు ఇచ్చాడు తమ్ముడూ, అది నా వాటాకొచ్చింది" అని నవ్వేవాడు. ఆయన పోయాక కూడా ఆమె నడక తగ్గలేదు, ఇంకా పెరిగింది. పొద్దున్నే బయల్దేరి ఒక సెక్టరు దాటి ఇంకో సెక్టరుకి పోయేది. ఎవరి కాంపౌండులో తెలియని మొక్క కనిపించినా ఆగేది. ఆకు తుంచి నలిపి వాసన చూసేది. కాయ ఉంటే గేటు కొట్టేది.

"యే క్యా పేడ్ హై భయ్యా?"

ఎవరైనా చెట్టు పేరు చెబితే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయేది. ఆమె వెతుకుతున్నది అది కాదు.

ఇంకో అలవాటు మా అందరికీ కాస్త చిరాకు తెప్పించేది. పిల్లలు ఏ చెట్టు కాయ కోసుకున్నా ముందు తను తినాలి. ఒకసారి మా అమ్మాయి, అప్పుడు చిన్నది, రోడ్డు పక్కన సీమచింతకాయ ఏరుకుని నోట్లో పెట్టుకోబోతే అప్ప పరుగున వచ్చి చేతి మీద ఒక్కటి వేసింది. కాయ కింద పడింది. అది తీసి తుడిచి తను సగం తిని, మిగతా సగం కొంగులో పట్టుకుని నిలబడింది.

"ఉండు. నాకేటీ అవ్వకపోతే అప్పుడు తిందువుగాని."

"సీమచింతకాయే అప్పా! ఊరంతా తింటారు" అన్నాను.

"ఊరంతా తింటే తినీనీ. దీనికేటైనా అయితే నాను జవాబు సెప్పాలి."

మా అమ్మాయి ఏడుస్తూ నిలబడింది. అప్ప కూడా కదల్లేదు. చాలాసేపటికి ఆ సగం కాయ పిల్ల చేతిలో పెట్టి, "ఇప్పుడు తిను" అంది. అప్పటికి పిల్లకి దాని మీద మోజు పోయింది.

తను వెతికే చెట్టు గురించి అందరికీ చెప్పేది. అటవీశాఖలో పనిచేసే మా పొరుగాయనకి చెప్పింది, నర్సరీవాళ్ళకి చెప్పింది, రైల్లో ఎదుటి సీట్లో కూర్చున్నవాళ్ళకి చెప్పింది. ఎప్పుడు చెప్పినా అవే మాటలు. "అరకు మీద సెట్టది. సలికాలం పొద్దున్నే గడ్డి మీద ఉప్పు సల్లినట్టు తెల్లగా మంచు పేరుకునేది. అప్పుడు ఆ సెట్టుకి ఒక్క ఆకు ఉండదు. బోసి కొమ్మలు. కొమ్మలనిండా టమాటాల్లాగ ఎర్రటి పళ్ళు. పండు నెత్తిన నాలుగు రేకుల టోపీ. ఏటి సెట్టది?"

అటవీశాఖాయన తునికి అన్నాడు. తునికి ఆకు బీడీలు చుట్టే ఈ రాష్ట్రంలో అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. "తునిక్కాయ నాకు తెల్దేటి? అంత చిన్నది కాదు" అంది. ఎవరో మారేడన్నారు, ఎవరో దానిమ్మ అన్నారు. మా అమ్మాయి పెద్దయ్యాక ఫోను తీసి, ఫొటో చూపిస్తే చెట్టు పేరు అదే చెబుతుంది, ఫొటో ఉందా అని అడిగింది.

"ఫొటో నా బుర్రలో ఉన్నాది. తీసుకో" అంది అప్ప.

నవ్వుకున్నాం. ముసలితనంలో పట్టుకున్న పిచ్చి అనుకున్నాం. అసలు సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

ఊరి నుంచి వచ్చిన అప్ప సొంత తమ్ముణ్ణి దుర్గ్ స్టేషనులో రైలెక్కించి ఆటోలో తిరిగొస్తున్నాం. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు రైలు మెల్లగా పోతోంది, ఇనుపరాయి నింపిన పెట్టెలు. అప్ప ఆటో దిగి గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. నేనూ దిగాను. ఆమె రైలు వైపే చూస్తూ చెప్పింది.

వాళ్ళ నాన్న కొత్తవలస-కిరండూల్ లైనులో గ్యాంగ్‌మన్. లైను కొత్తగా వేసిన రోజులు. కొండ మీద ఒక చిన్న స్టేషను పక్కన రైల్వే గుడిసెలు. అప్పకి ఎనిమిదేళ్ళుంటాయి, చెల్లికి నాలుగో ఐదో. స్టేషను అవతల, పాడుబడ్డ ఒక బంగళా వెనక ఆ చెట్టు. ఒక చలి పొద్దున చెల్లి పండు కావాలని ఏడిస్తే అప్ప గోడెక్కి కోసి ఇచ్చింది. చెల్లి కొరికింది. నోరు బిగుసుకుపోయి గుక్కపట్టి ఏడ్చింది. ఆ సాయంత్రం పిల్లకి ఒళ్ళు కాలిపోయింది, వణుకు మొదలైంది. మర్నాడు గూడ్సు రైలు వెనక పెట్టెలో పిల్లని వేసుకుని తండ్రి వాల్తేరు ఆసుపత్రికి దిగాడు. తిరిగి ఒక్కడే వచ్చాడు.

"మా అమ్మ ఏడవలేదు తమ్ముడూ. నా వొంక సూసింది. 'ఏ సెట్టు పండో ఎట్టి పిల్లని మింగేసినావు గదే' అన్నాది. అంతే. మళ్ళీ జన్మలో ఆ మాట ఎత్తలేదు. నానూ ఎత్తలేదు."

గేటు లేచింది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు. ఆమె కమ్మీ వదల్లేదు. నేనే చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

ఆ అమ్మ ఎక్కడో లేదు. అప్ప దగ్గరే ఉండేది. తండ్రి పోయాక తెచ్చుకుని పెట్టుకుంది. మేమంతా మామ్మ అనేవాళ్ళం. ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద పడుకుని, సన్నగా పాటలు పాడుకుంటూ ఉండేది. అప్ప ఆమెకి స్నానం చేయించేది, తల దువ్వేది, ముద్దలు కలిపి పెట్టేది. గేటు దగ్గర ఆ మాట విన్నప్పటి నుంచీ ఆ ఇద్దర్నీ చూస్తుంటే నాకు ఒకటే అనిపించేది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద, ఆ మాట మధ్యలో పెట్టుకుని వీళ్ళు ఎలా అన్నం తిన్నారు?

"ఒక్కసారి అరకు వెళ్ళి చూసొద్దాం అప్పా" అని అడిగాను. విజయనగరం దాకా పెళ్ళిళ్ళకి వెళ్ళేది. అక్కడి నుంచి ఎంతసేపు? ఆమె ఒప్పుకోలేదు.

"సెట్టు ఉంటే? ఎవురో పేరు సెప్పి, విషమే తల్లీ అంటే? అప్పుడు నాను ఆ కొండ దిగగలనేటి?"

తెలుసుకోవాలి, తెలుసుకోకూడదు. ఆ రెంటి మధ్యా ఆ కాళ్ళు అలా తిరుగుతూనే ఉండేవి.

కొన్నేళ్ళ కిందట ఒక శీతాకాలం. సుపేలా బజారులో పళ్ళ బండి దగ్గర ఆగాను. యాపిల్ పళ్ళ పక్కన కొత్త పండేదో పేర్చి ఉంది. టమాటా రంగు. తిప్పి చూస్తే నెత్తిన నాలుగు రేకుల ఎండిన టోపీ. వెంటనే అప్పకి ఫోను చేశాను. అక్కడే ఉండమంది. వచ్చేసరికి ఆమె కాళ్ళకి చెప్పులు ఒకటొక రకం.

పండు చేతిలోకి తీసుకోలేదు. వంగి దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"యే క్యా హై భయ్యా?" అని అడిగింది.

"జపానీ ఫల్ అమ్మా. హిమాచల్ మాల్. మిఠాయిలా ఉంటుంది" అన్నాడు బండివాడు హిందీలో, ఒక ముక్క కోసి ఇచ్చి.

అప్ప నోట్లో వేసుకుంది. నమిలింది. ముఖం వాడిపోయింది.

"ఇది కాదు తమ్ముడూ. ఇది తీపి. అది నోరు కట్టేసినాది."

ఆ మాట నేను హిందీలో చెబితే బండివాడు నవ్వాడు. కింద గడ్డిలోంచి రాయిలా గట్టిగా ఉన్న పండొకటి తీశాడు. ఇది ఇంకా మాగలేదు, ఈ రకం మాగకుండా తినకూడదు, నోరు పట్టేస్తుంది అన్నాడు. అతను మాట పూర్తి చేసేలోగానే అప్ప దాన్ని లాక్కుని కొరికింది.

మరుక్షణం ఆమె మొహమంతా ముడుచుకుపోయింది. పెదాలు అతుక్కున్నాయి. బండి పక్కకి పరిగెత్తి తుపుక్కున ఉమ్మేసింది. మళ్ళీ మళ్ళీ ఉమ్మింది. నీళ్ళు ఇచ్చాను, పుక్కిలించింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఇదే" అంది. బండివాడి చెయ్యి పట్టుకుంది. "దీన్ని ఎవురైనా మింగగలరేటి? సెప్పు నాయినా. సిన్న పిల్ల మింగగలదేటి?"

తెలుగు రాక అతను నా వైపు చూశాడు. నేను హిందీలో అడిగాను. "మింగడమా? నాలుక మీద నిలవదు సార్" అన్నాడు.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. "పండు దొరికినాది. సెట్టు కావాలి" అని ఆ రాత్రీ మర్నాడూ ప్రాణం తీసింది. నా భార్యకి తెలిసిన వృక్షశాస్త్రం మేడమ్ ఒకావిడ దుర్గ్ కాలేజీలో పాఠం చెబుతుంది. ఛత్తీస్‌గఢీ అమ్మాయి, నెమ్మదైన మనిషి. వాళ్ళింటికి తీసుకెళ్ళాను. అప్ప చెప్పిందంతా నేను హిందీలో తిప్పి చెబుతుంటే మధ్యలో ఆపకుండా వింది. తర్వాత కంప్యూటరు తెరిచి ఒక బొమ్మ చూపించింది. పొగమంచులో ఆకుల్లేని చెట్టు. నల్లటి కొమ్మలకి ఎర్రటి పళ్ళు వేలాడుతున్నాయి.

అప్ప తెరని వేలితో ముట్టుకుంది.

ఇది మన తునికికి దాయాది చెట్టే, చలి ప్రాంతాల్లో బాగా కాస్తుంది, జపానువాళ్ళకి చాలా ఇష్టమైన పండు అని ఆవిడ చెప్పింది. అప్ప ఉలిక్కిపడింది.

"జపానా? మా నాన్న సుత్తి కొట్టిన పట్టాల మీదే కదా ఇనపరాయి దిగి, ఓడెక్కి జపాను ఎల్లేది! ఆల సెట్టు ఆ కొండకి ఎలాగొచ్చినాది?"

"ఎవరు తెచ్చి నాటారో చెప్పలేం ఆంటీ. బంగళా ఉందన్నారు కదా, అక్కడున్న దొరలెవరో కావచ్చు."

"విషమా?"

"కాదు."

"పచ్చిది తింటే?"

ఆ అమ్మాయి మంచిది, అబద్ధం చెప్పలేదు. "పచ్చివి ఎక్కువగా, పరగడుపున తింటే కడుపులో గట్టిపడి నొప్పి రావచ్చు. ఒక్క కాటుకి ఏమీ కాదు. జ్వరం, వణుకు అంటున్నారు కదా, అవి ఈ పండు వల్ల రావు."

తిరిగొచ్చే దారిలో అప్ప ఆ బండివాడి దగ్గర మాగిన పళ్ళు కొనిపించింది. ఒళ్ళో పళ్ళ సంచీ. కారు ఆగీ ఆగకముందే దిగి లోపలికి వెళ్ళింది. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. అప్ప ఒక పండు కోసి, బాగా మాగిన ముక్క ఆమె నోటికి అందించింది.

"తిను. తిని సెప్పు, ఏటిదో."

మామ్మ బోసినోటితో చప్పరించింది. "బాగున్నాది. ఏటిది?"

"సువార్తకి నాను కోసెట్టిన పండమ్మా ఇది. ఆ కొండ మీద. ఇది విషం కాదంట. సదువుకున్నోళ్ళు సెప్పినారు. ఇది తిని అది సచ్చిపోలేదంట."

ఆ పిల్ల పేరు సువార్త అని నేను వినడం అదే మొదటిసారి.

మామ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "పండు తిని ఎందుకు సచ్చిపోద్ది? మలేరియా కదేటి. బుర్రకెక్కిపోనాదని వాల్తేరులో డాక్టరు మీ నాన్నకి సెప్పినాడు. మీ నాన్న వొచ్చి నాకు సెప్పినాడు."

అప్ప చాకు పట్టుకునే తల్లి మొహంలోకి వంగింది.

"మరి నన్నెందుకు అన్నావమ్మా?"

"ఏటన్నాను?"

"పండెట్టి పిల్లని మింగేసినావన్నావు."

మామ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, నుదురు ముడతలు పడేలా. "అన్నానా? ఏటో, పిల్ల పోయిన దుఃఖంలో ఏ మాటన్నానో నాకేటి తెలుస్తాది?" అని, నోరు తెరిచింది. "ఇంకో ముక్క ఎట్టు."

అప్ప చాకు కింద పెట్టి బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. గేటు దగ్గర ఆగి, "రాకు తమ్ముడూ" అంది. ఆ మధ్యాహ్నమంతా ఎటు తిరిగిందో తెలియదు. నా భార్య రెండుసార్లు వీధి చివర దాకా వెళ్ళి చూసొచ్చింది. మామ్మకి మేమే అన్నం పెట్టాం. ఇంత పండుముసలి మనిషి మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఆ నోట్లో ముద్ద పెడుతూ, ఆ ఒక్క మాట, ఒకే ఒక్క మాట, ఈమె ఎన్నడైనా వెనక్కి తీసుకుని ఉంటే ఏం పోయేదని లోపల్లోపల తిట్టుకున్నాను. ఆమె మాత్రం నా చేతి కేసి చూసి, "నీ కలుపు బాలేదు నాయినా, ఉప్పు తగల్లేదు" అంది.

చీకటి పడే వేళకి అప్ప తిరిగొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. తిన్నగా వెళ్ళి తల్లికి పక్క దులిపి వేసి, మిగిలిన పండు కోసి పెట్టింది. నన్ను చూసి, "ముసిల్ది. ఏటి సేస్తాను?" అంది.

దాంతో ఆమె నెమ్మదించిందని రాస్తే అబద్ధమవుతుంది. మర్నాడూ తిరిగింది. ఆ శీతాకాలమంతా ఏదో పోగొట్టుకున్నదానిలా ఇంకా ఎక్కువ తిరిగింది. చెట్టు ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. గేట్లు కొట్టడం లేదు. ఆకులు తుంచడం లేదు. ఇన్నేళ్ళు మోసినది దింపుకున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుండేది. ఒకసారి నా భార్యతో, "నాకు అది ముందే తెలిసుంటే నాను ఏ మనిషినయ్యేదాన్నో" అందట.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం. నేను పెరట్లో సైకిలు కడుగుతున్నాను. గోడ మీంచి అప్ప తల కనిపించింది, మొదటి రోజు కనిపించినట్టే. బట్టలారేస్తోంది.

"సువార్తకి ఇంజను కూత వొచ్చేది తెలుసా?" అంది, ఏ పలకరింపూ లేకుండా.

నేను పని ఆపాను.

"అచ్చు ఇంజనులాగే. మా నాన్నావాళ్ళు పట్టా మీద వంగి పని సేసుకుంటుంటే, ఇది తుప్ప ఎనకాల దాక్కుని కూసేది. గ్యాంగు గ్యాంగంతా గడ్డపారలు ఒగ్గేసి గట్టు మీదికి ఉరికేవోరు! రైలేదీ, కనబడదు. మేస్త్రీ ఎర్రజెండా అట్టుకుని దీన్ని తరిమేవోడు. ఇది పకపకా నవ్వుకుంటా నా ఎనకాల దూరిపోయేది. ఆ పండూ అంతే, ఇప్పుడు గుర్తొస్తన్నాది. కొరికి, మూతి ముడిసి, ఉమ్మేసి, ఇలాంటిది ఎట్టినావని నా చెయ్యి కొరికేసినాది. పళ్ళ గాట్లు పడ్డాయి. గట్టి గుంట!"

చెబుతూ నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఆమె చెట్టు గురించి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. చెల్లి పోవడం తప్ప ఆ పిల్ల గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. ఇప్పుడు గోడకి అవతల ఒక పిల్ల గెంతుతూ తిరుగుతున్నట్టుంది నాకు.

"ఎలా కూసేది?" అని అడిగాను.

అప్ప తడి బట్ట భుజాన వేసుకుంది. రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుంది. గుండెనిండా గాలి పీల్చి కూసింది. సన్నగా మొదలై, కొండ మలుపు తిరిగినట్టు సాగి, దూరంగా పోయి ఆగిపోయింది. వీధిలో పోతున్న వాళ్ళు తిరిగి చూశారు.

అంతలో లోపల కిటికీ దగ్గర మంచం కిర్రుమంది. మామ్మ గొంతు, ఎప్పుడూ లేనంత గట్టిగా, కోపంగా, ముద్దుగా వినిపించింది.

"ఒలే సువార్తా! సాలు, నాన్న తిడతాడే!"

అప్ప నా వైపు చూసింది. చేతులు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుని, ఇంకా గట్టిగా, మరోసారి కూసింది.